వంటింట్లోకి వినపడే నాటకం

కస్తూరికి వచ్చిన చిక్కు ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారు. ఆమె రాసిన మాటలు రోజూ సాయంత్రం ఏడింటికి ఊరూరా, ఇంటింటా వినపడతాయి. ఆమెతో మాట్లాడే మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

హైదరాబాదులో, యూసుఫ్‌గూడలో చిన్న అద్దె వాటా. అందులో ఒక్కతే ఉండి టీవీ సీరియల్‌కి డైలాగులు రాస్తుంది. రాసేది పైకి అనుకుంటూ రాయడం నాటకాల రోజుల్నుంచీ అలవాటు. అత్తగారి గొంతుతో గద్దిస్తుంది, కోడలి గొంతుతో ఏడుస్తుంది, మరిది గొంతుతో వెకిలిగా నవ్వుతుంది.

ఒకరోజు నీళ్ళ ట్యాంకరు దగ్గర పక్కవాటా ఆవిడ జాలిపడిపోయింది.

"మీ అత్తగారు ఇంకా ఎన్నాళ్ళుంటారండీ? నిన్న అంతలేసి మాటలంటుంటే మాకే కడుపు తరుక్కుపోయింది."

కస్తూరికి పెళ్ళే కాలేదు. ఆ సంగతి చెబుదామనుకుంది. చెబితే ఆ అరుపులన్నీ తనవేనని కూడా చెప్పుకోవాలి.

"ఈ వారంలో వెళ్ళిపోతారండీ" అని బిందె ఎత్తుకుంది.

ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకుంది. మళ్ళీ నాటకం రాయాలనే పట్టుదల ఆ పూటే పుట్టింది.

కస్తూరి ఒకప్పుడు నోరున్న పిల్ల. యూనివర్సిటీ చర్చాపోటీల్లో ఆమె లేచి నిలబడితే అవతలి పక్షం వాళ్ళు మంచినీళ్ళ గ్లాసు కోసం వెతుక్కునేవాళ్ళు. ఆ దూకుడును నాటకంలోకి మళ్ళించినవారు సామర్లకోట ఏకాంబరం మాస్టారు. ఆయనకో చిన్న నాటక సమాజం ఉండేది. కస్తూరి తొలి నాటికల్ని ఆయనే ఆడించి పరిషత్తు పోటీల్లో నిలబెట్టారు. తర్వాత ఆమె హైదరాబాదు బండెక్కింది. సమాజం వాళ్ళూ చెట్టుకొకరు, పుట్టకొకరు అయ్యారు.

మాస్టారి భార్య సుభద్రమ్మగారు పక్కతెర చాటున నిలబడి, నటులు మాట మరిచిపోతే అందించేవారు. మాట అందించడం ఆవిడ వృత్తి అయినా, ఆవిడా మాస్టారూ తమలో తాము మాట్లాడుకోగా కస్తూరి ఎప్పుడూ పెద్దగా వినలేదు. భోజనాల దగ్గర మాస్టారు పప్పులోంచి పచ్చిమిరపకాయ ఏరి ఎడమవైపుకు చాపేవారు. ఆయన కారం తినలేరు. ఎడమపక్కన కూర్చునే సుభద్రమ్మగారు అటు చూడకుండానే కంచం ఇటు జరిపేవారు. మిరపకాయ కింద పడిన దాఖలా లేదు.

పోయిన ఏడు ఆవిడ కాలం చేశారు. కస్తూరి వెళ్ళలేకపోయింది. ఆ వారం సీరియల్లో పెళ్ళి.

నాటిక పూర్తయ్యాక ఫోన్ చేస్తే మాస్టారు ఎక్కువ మాట్లాడలేదు.

"పరిషత్తు వాళ్ళు నాటిక పేరు చెప్పమని ప్రాణాలు తోడేస్తున్నారు. నువ్వు రాసింది నాటకమే అయితే ఆడదాం. ఉన్నవాళ్ళని పోగుచేస్తాను. కాకపోతే మేకప్ పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తానే అమ్మాయ్. నాకూ ఓపిక లేదు."

'నాటకమే అయితే' అన్న ముక్క సామర్లకోట రైల్లో కూర్చున్నంతసేపూ కస్తూరికి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. కాకపోతే ఏమిటి? తాను ఇంకా నాటకాలు రాసే మనిషేనా, కాదా? ఆ సంగతి తేల్చగలిగినవారు ఈ భూమ్మీద ఆయనొక్కరే. అందుకే కోపం, అందుకే భయం.

మాస్టారి ఇల్లు రైలు గేటు పక్కన. ముందు గదిలో ఒక పడక్కుర్చీ, ఒక టీవీ, గోడవార మేకప్ పెట్టె. ఆ వెనక వంటిల్లు. కస్తూరి వెళ్ళేసరికి ఎండ వాలుతోంది. మాస్టారు టీ ఇచ్చి, కుర్చీలో కూర్చుని, "ఊఁ, చదువు" అన్నారు.

నాటిక పేరు 'మాటల్లేని ఇల్లు'. ఒకే కప్పు కింద ఉంటూ మాట్లాడుకోవడం మానేసిన మొగుడూ పెళ్ళాల కథ. కస్తూరి లేచి నిలబడి ఇద్దరి గొంతులూ తానే అయి మొదలుపెట్టింది.

"'ఏమండీ, మనం మాట్లాడుకోవడం మానేసి ఏడాది దాటింది. ఈ మౌనం నా గుండెను కోసేస్తోందండీ!'

'నిజమే పార్వతీ! నువ్వేమో ఆ కిటికీ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నావు. నేనేమో ఇక్కడ కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాను. మన మధ్య మాటలే లేవు పార్వతీ!'"

మాస్టారు లేచి వంటింట్లోకి వెళ్ళారు.

కస్తూరి ఆగింది. లోపల పప్పు డబ్బా మూత తీసిన చప్పుడు.

"చదువు చదువు. వినపడుతోందిలే."

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. అయినా తగ్గే రకం కాదు. గొంతు పెంచి చదివింది. పార్వతి ఏడుపు గోడలు దాటేలా ఏడ్చింది. మొగుడి పశ్చాత్తాపం వీధిగుమ్మం దాకా వినపడేలా చదివింది. కుక్కరు కూత పెడితే దాని మీద నుంచి చదివింది. ఆఖరి మాట అయ్యేసరికి గొంతు బొంగురుపోయింది.

మాస్టారు కండువాకు చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"అంతా అర్థమైంది. ఒక్క ముక్క పొల్లుపోలేదు. ఆవిడ కిటికీ దగ్గర ఎప్పుడు నిలబడిందీ, ఆయన పేపరు ఎప్పుడు కింద పెట్టిందీ, కావాలంటే వరసగా అప్పజెప్తాను."

కస్తూరి ముఖం విప్పారింది. "అంటే... బావుందాండీ?"

"పప్పు కడుగుతూనే ఉన్నానమ్మా. చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు."

ఆ మాట దిగడానికి కొంచెం సమయం పట్టింది. దిగాక భగ్గుమంది.

"అది తప్పా మాస్టారూ? నేను చేరిన కొత్తల్లోనే డైరెక్టరు చెప్పాడు. 'మేడమ్, మన ప్రేక్షకురాలు చూడదు, వింటుంది. ఆవిడ చేతిలో పప్పుగుత్తి ఉంటుంది. ప్రతి ముక్కా వంటింట్లోకి వినపడాలి' అని. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళు బతికాను. ఎవరెక్కడున్నారో, ఎందుకేడుస్తున్నారో నోటితోనే చెప్పించాలి. అది అంత తేలికనుకుంటున్నారా? మీ నాటకాలవాళ్ళకి సీరియలంటే మొదట్నుంచీ చులకనే. అసలు మీరు ఒక్కరోజైనా నా సీరియల్ చూశారా?"

"లేదు. ఒక్కరోజూ చూళ్ళేదు."

"చూడకుండానే తీర్పిచ్చేశారన్నమాట!"

పాత పోటీల్లో అవతలి పక్షం తడబడ్డప్పుడు వచ్చే ఊపు వచ్చింది ఆమెకు. మాస్టారు తడబడలేదు. గోడ గడియారం చూశారు. ఏడు కావస్తోంది. టీవీ పెట్టి, గొంతు బాగా పెంచి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

తన సీరియల్ పాట మొదలైంది. కస్తూరి నిలబడ్డచోటే నిలబడిపోయింది. టీవీ ఎదురుగా పడక్కుర్చీ ఖాళీగా ఉంది. తెర మీద కోడలు మల్లిక నగల గది వైపు నడుస్తూ, తాను నగల గది వైపు నడుస్తున్నానని తనకు తానే చెప్పుకుంటోంది.

"తియ్యకే ఆ తలుపు! లోపల వాడున్నాడే పిచ్చిమొహమా!" అంటూ వంటింట్లోంచి కేక.

కస్తూరి ఉలిక్కిపడింది. గుమ్మం దాకా వెళ్ళి చూసింది. మాస్టారు పొయ్యి వైపు తిరిగి, తాలింపు గరిటె పట్టుకుని, చెవి మాత్రం ఇటు వేసి ఉన్నారు.

"మాస్టారూ... రోజూ వింటారా?"

"సుభద్ర పోయిన దగ్గర్నుంచీ." ఆవాలు చిటపటలాడేదాకా ఆగారు. "వాళ్ళ మొహాలెలా ఉంటాయో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. ఇంట్లో నలుగురు మాట్లాడుకుంటుంటే అన్నం అడుగంటదు. అంతే."

తాలింపు పప్పులో వేశారు.

"ఆ అత్తగారు విరుచుకుపడినప్పుడల్లా అనుకుంటాను, మా పిల్ల గొంతు ఇంకా గట్టిగానే ఉందీ అని."

కస్తూరి వెనక్కి తిరిగి చూసింది. ఇక్కడ ముందు గదిలో నలుగురి గొంతులు ఖాళీ కుర్చీతో మాట్లాడుతున్నాయి. అక్కడ యూసుఫ్‌గూడలో ఒక్కతే కూర్చుని ఆ నలుగురి గొంతులతో అరిచింది తనే. మధ్యలో ఉన్న రైలు దూరమంతా ఒక్కసారిగా కళ్ళముందు కదిలింది. గుమ్మానికి చేరగిలబడి, తాను రాసిన మాటల్ని మొదటిసారి వంటింట్లోంచి వింది.

సీరియల్ అయిపోయింది. మాస్టారు టీవీ కట్టేశారు. కట్టేయగానే ఇల్లు పెద్దదైపోయింది. గేటు దగ్గర గూడ్సు బండి ఒకటి తాపీగా పోయింది.

నేల మీద రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టి వడ్డించారు. వేడన్నం, టమాటా పప్పు. కస్తూరి నాటిక గురించి ఏదో అనబోయింది. ఆయన తలెత్తలేదు. ఆమె అన్నం కలుపుకుంది.

మాస్టారు పప్పు కలుపుకుంటున్నారు. వేళ్ళకు పచ్చిమిరపకాయ తగిలింది. ఏరి, మెతుకులు దులిపి, ఎడమవైపుకు చాపారు.

అటుపక్క కంచం లేదు. వట్టి గచ్చు.

చెయ్యి గాలిలో ఆగింది. రంగస్థలం మీదే తల నెరిసిన మనిషి ఆయన. అది ఆయన కావాలని చేశారో, చెయ్యే తెలియక వెళ్ళిందో కస్తూరికి అంతుపట్టలేదు. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఆ మిరపకాయను కాసేపు చూశారు. ఇటు తెచ్చుకున్నారు. కంచం అంచున పెట్టలేదు. నోట్లో వేసుకుని మెల్లగా నమిలారు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగారు. మళ్ళీ అన్నం కలుపుకున్నారు.

కొంతసేపటికి తల వంచుకునే అడిగారు.

"ఇప్పుడేం వినపడింది?"

ఎన్ని సభల్లోనో ఎదుటివాడి మాట పూర్తి కాకముందే జవాబందుకున్న కస్తూరి నోరు తెరిచింది. ఆయన ఎడమపక్క గచ్చు వైపు చూసింది. నోరు మూసుకుంది.

మాస్టారు అప్పుడు తలెత్తారు.

"ఆఁ. నాటికకి అక్కడ తెర తియ్యి."