ఇద్దరూ వేసిన ఉప్పు

నేనింతకుముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

కొండవరం రాజు, ఏటిపాలెం రాజు శత్రువు భయానికి పొత్తు పెట్టుకున్నారు. రెండు సేనలకీ పెద్ద సేనాని భీమనాయకుడు. ఆయనకో సరదా పుట్టింది.

"రేపు సేనల్ని చూడ్డానికి వస్తున్నా. రెండు సేనలూ కలిసి ఒకే గుండిగలో పులుసు కాచాలి. కలవలేదని తేలిందా, పొత్తు రద్దు. ఎవరి దారి వాళ్లది."

సేనానికి తాంబూలం అందించే చిట్టెన్న ఆ మాట విని ఆకులకి సున్నం రాయడం మర్చిపోయాడు. వాడిది ఏటిపాలెం. పొత్తు పోతే శత్రువు మొదట తగలబెట్టేది ఆ ఊరినే.

మర్నాడు గుండిగకి ఒకపక్క కొండవరం వాళ్లు, ఇంకోపక్క ఏటిపాలెం వాళ్లు నిలబడ్డారు. మాటల్లేవు. వీళ్లకి ఉప్పు వేయడం ఏం తెలుసని వాళ్లు వేశారు. వాళ్లకేం తెలుసని వీళ్లూ వేశారు.

సేనాని వచ్చి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మీసాలు రెండూ పైకి లేచాయి.

"ఉప్పెవరు వేశారు?"

"మేమే ప్రభూ, సరిగ్గానే వేశాం. ఈ ఏటిపాలెం మొద్దులు మళ్లీ వేశారు," అన్నాడు కొండవరం దళపతి మల్లినాయుడు.

"మీ చేతివంట మా గుర్రాలు కూడా ముట్టవులేవోయ్," అన్నాడు ఏటిపాలెం దళపతి ఎర్రప్ప.

"అయితే కలవలేదన్నమాట. పొత్తు రద్దు," అంటూ సేనాని లేచాడు.

చిట్టెన్న తమలపాకుల పెట్టె కింద పెట్టి, గబగబా గరిటెడు పులుసు తాగేశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ప్రభూ, నేనిప్పుడు ఎవరి ఉప్పు తిన్నట్టు?"

"ఇద్దరిదీను."

"ఎవరి ఉప్పు తిన్నామో వాళ్లకి ద్రోహం చేయొచ్చా?"

"ఛీ, ఎక్కడైనా ఉందా?"

"అయితే గుండిగ ఖాళీ అయ్యేదాకా అందరికీ వడ్డించండి ప్రభూ. ఒకరి ఉప్పు ఒకరు తిన్నాక ఈ సేనల్ని విడదీయడం శత్రువు వల్ల కాదు, మీవల్లా కాదు."

సేనాని కడుపు పట్టుకుని నవ్వాడు. మొదటి గరిటె మల్లినాయుడికి పోయించాడు, రెండోది ఎర్రప్పకి. ఇద్దరూ గుటకేసి, ఒకే మజ్జిగ కుండ మీదకి పరుగెత్తారు. ఒకడు వంచితే ఒకడు తాగాడు. సేనలు రెండూ గొల్లున నవ్వాయి.

"ఇదేరా కలవడమంటే," అని సేనాని తన చేతి కంకణం తీసి చిట్టెన్నకి తొడిగాడు.

ఇది రాసిన మర్నాడు పొద్దున, చారులో ఉప్పు వేయబోతూ ఆగి, "నువ్వు వేశావా?" అని మా తోటికోడల్ని అడిగాను. వేసిందట.