మూడో రోజు ఉప్పు

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు అనంతశయనం మాస్టారికి లేదు. "ఆదివారం భోజనానికి రామ్మా" అనేవారు. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్లంతా జవాబులు విస్తట్లోనే వెతుక్కున్నారు.

ఇప్పుడు ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నీలవేణి అడిగింది చిన్న ప్రశ్నే. "పెద్దవాళ్ల పనిలో లోపం కనబడితే, చెప్పి నొప్పించడం కంటే ఊరుకోవడమే మర్యాద కాదా, మాస్టారూ?"

ప్రశ్న చిన్నదే గాని దాని వెనక కథ పెద్దది. మాస్టారు పదకొండేళ్లు కష్టపడి ఒక క్వాంటమ్ యంత్రం తయారుచేశారు. రెండు ఆసుపత్రుల మధ్య రోగుల వివరాలు రహస్యంగా నడవాలంటే తాళంచెవి లాంటి అంకెలు కావాలి. ఆ అంకెల్ని అది ఒక్కొక్క వెలుగు కణం మీద పంపుతుంది. దారిలో ఎవడు తొంగిచూసినా కణం చెదిరి, దొంగ దొరికిపోతాడు. ఆ సూత్రానికి తిరుగులేదు. అయితే కిందటి వారం నీలవేణి తనే దొంగ వేషం కట్టి, కణాలు నడిచే గాజు తీగలోంచి, వాటిని గుర్తుపట్టే యంత్రం కంట్లోకి గట్టి వెలుగు కొట్టింది. పాపం, దానికి కళ్లు బైర్లు కమ్మాయి. ఆపైన ఆమె ఏ అంకె పలకమంటే అదే పలికింది. హెచ్చరిక గంట మాత్రం మోగలేదు.

వచ్చే వారమే యంత్రం ఆసుపత్రికి వెళ్తుంది. నెలాఖరుకి మాస్టారు రిటైరవుతారు. ఆయన ముఖం తలుచుకుంటే ఆ పిల్లకి ఏడుపొచ్చేది. అందుకే ఆ లోపం గురించి రాసిన నాలుగు కాగితాల నివేదికని సంచిలోనే పెట్టుకు తిరుగుతోంది.

ఆదివారం ఆమె వెళ్లేసరికి మాస్టారు విస్తరి ముందు కూర్చున్నారు. ఆయన భార్య సుందరమ్మగారు ఆవకాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పుతున్నారు. కలిపి మూడో రోజు. అడుగునుంచీ తిరగకలిపి, వేడన్నంలో ఒక ముద్ద చేసి నీలవేణి చేతిలో పెట్టారు.

"ఎలా ఉందే?"

ఉప్పు చాలలేదు. నాలిక మీద పడగానే తెలిసింది. "అమృతంలా ఉందండీ," అంది నీలవేణి.

సుందరమ్మగారు ఆమె ముఖంలోకి చూసి నవ్వారు. "బాగుందనడానికి ఏడాదంతా ఉందే పిల్లా. ఉప్పు సంగతి ఇవాళ చెప్పకపోతే వానాకాలానికి జాడీ అంతా బూజే."

"కొంచెం... ఉప్పు తగ్గిందండీ."

"నా తల్లే! బతికించావు," అంటూ ఆవిడ ఉప్పు కోసం వంటింట్లోకి దాదాపు పరిగెత్తారు.

చిన్నబుచ్చుకుంటారనుకున్న నీలవేణి తెల్లబోయి నిలబడింది. తర్వాత సంచిలోంచి కాగితాలు తీసి మాస్టారి పక్కన పెట్టింది. ఆయన ఒక్కొక్కటే తిరగేశారు. మూడో కాగితం దగ్గర ఆయన ముఖం వాడిపోయింది. పదకొండేళ్ల కష్టం మరి.

ఆయన కాగితాలు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, ఆమె తల మీద చెయ్యి వేశారు. ఆనక వంటింటివైపు తిరిగి కేకేశారు.

"ఏమోయ్, ఆ ఉప్పు ఇటు కూడా కాస్త పట్టుకురా. మా జాడీకీ ఇవాళ మూడో రోజే."