అక్షరాలు చెరిగిన వంతెన

అనగనగా ఒక రాజ్యం. దాని పేరు పలకాపురం. ఆ రాజ్యంలో రాజుగారికన్నా అక్షరానికి మర్యాద ఎక్కువ.

రాజు శబ్దకేతుడికి రాత అంటే ప్రాణం. ఆయన ఆజ్ఞ ప్రకారం ఊళ్లో ప్రతి వస్తువు మీదా దాని పేరు రాసి ఉండాలి. కుండ మీద కుండ అని, గుమ్మం మీద గుమ్మం అని, పట్టపుటేనుగు నుదుటి మీద ఏనుగు అని రాశారు. ఒకసారి జోరున వాన కురిసి ఏనుగు నుదుటి మీది రంగు కాస్తా కారిపోయింది. కోటగుమ్మం దగ్గర కాపలావాడు దాన్ని లోపలికి రానివ్వలేదు. "చూడ్డానికి ఏనుగులాగే ఉందండీ, కానీ రాసి లేదు కదా!" అన్నాడు. పాపం, ఆ ఏనుగు మూడు రోజులు చింతచెట్టు కిందే గడిపింది.

పలకాపురం పక్కనుంచి వెదురేరు పారుతుంది. వేసవిలో అది పిల్లిలా పడుకుంటుంది. వానాకాలం వచ్చిందంటే దానికి పూనకమే. అందుకని ఏటా ఆషాఢంలో ఊరివాళ్లు కొయ్య వంతెనను విప్పేసి, మూడు వందల ముక్కలనూ కొట్టంలో దాచేవారు. వానలు తగ్గాక, దసరా నవరాత్రుల్లో మళ్లీ కట్టేవారు. జమ్మిచెట్టు అవతలి గట్టున ఉంది మరి. కూరగాయల తోటలూ అవతలే ఉన్నాయి. వంతెన లేని మూడు నెలలూ రాజు దగ్గర్నుంచి చాకలి దాకా అందరూ ఊరగాయలతోనే భోంచేసేవారు. దసరా దగ్గరపడేసరికి రాజుగారి కలలోకి వంకాయలు వచ్చేవి.

ప్రతి కొయ్య ముక్క మీదా ఒక అక్షరపు గుర్తు చెక్కి ఉంటుంది. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో తాటాకు గ్రంథంలో రాసి ఉంటుంది. ఆస్థాన లేఖరి పుండరీకయ్య గ్రంథం చదువుతాడు, వడ్రంగులు గుర్తు వెతికి ముక్క తెస్తారు. మూడు తరాలుగా ఇదే పద్ధతి.

ఆ వడ్రంగుల్లో సూరక్క అని ఒకావిడ ఉండేది. ముప్పై ఏళ్ల మనిషి. చేతిలో ఉలి ఉంటే చాలు, ఆమెకు ఆకలీ నిద్రా గుర్తుండేవి కావు. కానీ ఆమెకు అక్షరాలతో ఒక పేచీ ఉంది. అవి ఆమె కంటికి నిలిచేవి కావు. 'ప' అనుకుని చూస్తే 'వ' అయ్యేది. 'వ' కాబోలు అనుకునేలోపు 'మ' అయి కూర్చునేది. నాలుగు అక్షరాలు వరసగా రాసి ఉంటే, బెల్లం ముక్క చుట్టూ చీమల్లా తిరిగేవి. చిన్నప్పుడు బళ్లో పంతులుగారు ఆమె చెవి మెలేసి మెలేసి చివరికి చెయ్యి నొప్పెట్టి మానేశారు. "మొద్దు" అని ఒక పేరు మాత్రం మిగిలింది.

ఆ మొద్దుకు ఇంకొకటి తెలుసు. ఒక్కసారి చూసిన కొయ్యను ఆమె మరచిపోదు. కళ్లు మూసుకుంటే వంతెన మొత్తం లేచి నిలబడుతుంది. దాని చుట్టూ తిరిగి చూడగలదు, పైనుంచి చూడగలదు, నీళ్లలోని చేపకు అది ఎలా కనబడుతుందో అలాగా చూడగలదు. అందరికీ ఇంతేనేమో అనుకుని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు నవరాత్రుల మొదటి రోజున కొట్టం తలుపులు తీశారు. పుండరీకయ్య గొంతు సవరించుకుని గ్రంథం విప్పాడు. ఆయన ఇంకా చదవకముందే సూరక్క మొదటి దూలం భుజాన వేసుకుని వచ్చి ముందు నిలబడింది.

పుండరీకయ్యకు ఒళ్లు మండింది. "నేను చదవలేదు, నువ్వు గుర్తు చూడలేదు. ఎలా తెచ్చావమ్మా? ఏదీ, దాని మీద ఏముందో చదువు."

సూరక్క చూసింది. అక్షరం ఆమెను చూసి మెలికలు తిరిగింది. "వ... అండీ."

"అది మ. ఇంకోటి చదువు."

"ప అండీ."

"అది ష! ఇదే చివరి అవకాశం. దీన్ని చదువు."

వెనక నిలబడ్డ వడ్రంగుల పెద్ద మాచయ్య సూరక్కకు స్వయానా మేనమామ. ఆయన దగ్గుతున్నట్టు నటించి పెదాలతో ఆ అక్షరం చూపించాడు. సూరక్క అటు చూసి, ఇటు చూసి, నిట్టూర్చింది.

"మా మామ పెదాలు చూసి చెప్పమంటే చెబుతానండీ. చదివి మాత్రం చెప్పలేను. నాకు అక్షరాలు నిలవవు."

మాచయ్య దగ్గు ఠక్కున ఆగిపోయింది.

సంగతి రాజుగారి దాకా వెళ్లింది. అక్షరం రానివారు రాజ్యపు పనిముట్టు పట్టరాదని కోటగోడ మీద రాసే ఉంది. రాజు దయగలవాడే, కానీ గోడ మీద రాసినదాన్ని కాదనడం ఆయనకు చేతకాదు. "సూరమ్మా, దశమి దాకా గడువిచ్చాను. ఆలోపు అక్షరాలు నేర్చుకో. రాకపోతే ఆయుధపూజలో నీ ఉలి ఉండదు. కట్టెలు కొట్టుకుని బతకాలి" అన్నాడు.

సూరక్క ఇంటికి వచ్చి ఉలిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆమెకు ఆ పని తప్ప ఇంకేదీ ఇష్టం లేదు. తరవాత ముఖం కడుక్కుని, పలక తీసి దిద్దడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దిద్దింది. అక్షరాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగాయి.

అక్కడ కొట్టం దగ్గర పుండరీకయ్యకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. "తప్పు ఆమెదే కాదు, వీళ్లు చెక్కిన అక్షరాలదీ ఉంది. కోడి గీరినట్టున్నాయి! రాజుగారు నడిచే వంతెన మీద ఇవేం రాతలు? అన్నీ చిత్రిక పట్టి నున్నగా చేయించండి. నేనే స్వయంగా బంగారు రంగుతో ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తాను."

మాచయ్య తల గోక్కున్నాడు. "అయ్యా, ఒక్కొక్కటే చిత్రిక పట్టి, వెంటనే రాస్తే..."

"అబ్బే! అన్నీ ఒకేసారి నున్నగా ఉంటేనే వరస కుదురుతుంది. నీకేం తెలుసు రాత సంగతి?"

మూడు రోజులు చిత్రికలు ఆడాయి. మూడు వందల ముక్కలూ తళతళలాడాయి. నాలుగో రోజు పొద్దున్నే పుండరీకయ్య స్నానం చేసి, పట్టుపంచె కట్టి, బంగారు రంగులో కుంచె ముంచి మొదటి దూలం ముందు కూర్చున్నాడు.

"ఊ, ఇదేది?" అన్నాడు.

వడ్రంగులు దూలాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అరే, ఇది ఏ దూలమయ్యా?"

"దాని మీద రాసి ఉండేదండీ" అన్నాడు మాచయ్య.

కుంచె కొస నుంచి ఒక బంగారు చుక్క జారి పట్టుపంచె మీద పడింది. మూడు తరాలుగా వడ్రంగులు అక్షరాన్ని చూశారు గానీ, అక్షరం కింది కొయ్యను ఎవరూ చూడలేదు.

రాజుగారికి తెలిస్తే కొంప మునుగుతుంది. అందుకని పుండరీకయ్య ధైర్యం తెచ్చుకుని, ఏ ముక్క చేతికొస్తే ఆ ముక్కే బిగించమన్నాడు. వంతెన ఏటి మధ్య దాకా చక్కగా వెళ్లింది. అక్కడ మనసు మార్చుకుని, వంపు తిరిగి, మళ్లీ ఇవతలి గట్టుకే వచ్చింది.

అయిదో రోజు పొడుగుల ప్రకారం వెళ్దామన్నాడు. పొడుగువి కింద, పొట్టివి పైన. సాయంత్రానికి ఏట్లో చక్కని మంచె లేచింది. కాకులు సంతోషంగా వచ్చి కూర్చున్నాయి.

ఆరో రోజు పుండరీకయ్య తెగించాడు. "ఏది ఏదైతేనేం? పలకాపురంలో రాసిందే వస్తువు. నేను దేని మీద ఏది రాస్తే అది అదే అవుతుంది" అన్నాడు. తోచినట్టల్లా బంగారు అక్షరాలు రాసి, గ్రంథం ప్రకారం కట్టించాడు. దూలాల మొనలు బెజ్జాల్లో దూరకపోతే సుత్తులతో బాదించాడు. అంతా అయ్యాక గ్రంథం చేత పట్టుకుని, అక్షరాలు చదువుకుంటూ తానే ముందు నడిచాడు. ఏడో అక్షరం చదివాడు. ఎనిమిదో అక్షరం ఆయనతోపాటే ఏట్లో పడింది.

జాలర్లు ఆయన్ని లాగి గట్టున పడేశారు. తలపాగా మాత్రం అందలేదు. అది సముద్రం చూడటానికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మాచయ్య దిగాలుగా మేనకోడలి ఇంటికి వచ్చాడు. సూరక్క పలక ముందే ఉంది, కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎన్ని వచ్చాయమ్మా?"

"నిన్న మూడు వచ్చాయి మామా. ఇవాళ అవీ పోయాయి." ఆమె కిటికీలోంచి ఏటివైపు చూసింది. "మామా, ఆ వంపు దూలాన్ని తలకిందులుగా పెట్టారేమిటి? అది మూడో స్తంభానికి ఎడమ భుజం కదా."

మాచయ్య నోరు తెరిచాడు. "దాని మీద ఉన్నది తోచినట్టు రాసిన అక్షరం కదే! నీకెలా తెలుసు?"

"ఏది రాస్తేనేం? అది అదే కదా."

మాచయ్య ఆమె చెయ్యి పట్టుకుని తిన్నగా కోటకు లాక్కెళ్లాడు. రాజు అప్పుడే నిమ్మకాయ ఊరగాయతో భోజనానికి కూర్చుని, విరక్తిగా విస్తరివైపు చూస్తున్నాడు. అప్పటికే అన్ని సంగతులూ ఆయన చెవిన పడ్డాయి.

"వంతెన నేను కడతాను ప్రభూ" అంది సూరక్క.

"నీకు అక్షరాలు రావు కదమ్మా!"

"ఇప్పుడు ఆ కొయ్యల మీది అక్షరాలు ఎవరికీ అక్కరకు రావు ప్రభూ. ఊరంతా నాతో సమానమైంది."

రాజు ఊరగాయ వైపు చూశాడు. కోటగోడ వైపు చూశాడు. మళ్లీ ఊరగాయ వైపు చూశాడు. "కట్టు" అన్నాడు.

మర్నాడు పొద్దుపొడుస్తూనే సూరక్క ముక్కలన్నీ విప్పించి ఇసుకలో పరిపించింది. వాటి మధ్య నడుస్తూ అరచేత్తో ఒక్కొక్కదాన్ని నిమిరింది. వాటికి ఆమె పెట్టుకున్న పేర్లు ఆమెకున్నాయి. "ఆ మేకమెడను ఇటు తెండి. గూనిపెద్దమ్మను దాని పక్కన నిలబెట్టండి. అదుగో, ఆ అలిగిన అత్తగారిని కాస్త నెమ్మదిగా!" వడ్రంగులు మొదట నవ్వారు. తరవాత చూస్తే నిజంగానే ఆ కొయ్య మూతి ముడుచుకున్నట్టే ఉంది. ఒకసారి చూశాక ఇంక మరచిపోవడం వాళ్లవల్ల కాలేదు. మధ్యాహ్నానికి వాళ్లే అరుస్తున్నారు, "ఒరే, మేకమెడ తమ్ముడేడీ?" అని.

ఒక్క సుత్తి దెబ్బ కూడా గట్టిగా పడలేదు. మొనలు బెజ్జాల్లోకి వాటంతటవే వెళ్లి కూర్చున్నాయి. తొమ్మిదో రోజు సూర్యాస్తమయానికి వంతెన అవతలి గట్టును తాకింది.

దశమి నాడు రాజు వంతెన ఎక్కాడు. నడుమ దాకా వెళ్లి ఠక్కున ఆగిపోయాడు. "ఏదీ? కిర్రుమనదేం?"

నిజమే. ఏటా నడుమకు వచ్చేసరికి వంతెన కిర్రుమని మూలిగేది. తాతల నాటి నుంచీ మూలుగుతూనే ఉంది.

"చూశారా ప్రభూ!" అన్నాడు పుండరీకయ్య, తుమ్ముతూనే. "మూలగడం లేదంటే తప్పు కట్టిందన్నమాట!"

సూరక్క చేతులు జోడించింది. "గ్రంథంలోనే రెండు దూలాలు తారుమారయ్యాయి ప్రభూ. ఏటా వాటిని బాది బాది దూర్చేవాళ్లు, అవి ఏడ్చేవి. ఈసారి వాటి చోట్లో వాటిని పెట్టాను."

"ఇన్నేళ్లుగా ఇంతమంది చదివారే, ఎవరికీ కనబడలేదా?"

"చదివేవారికి రాసింది కనబడింది ప్రభూ. నాకు అది నిలవదు కాబట్టి కొయ్య కనబడింది."

"మరి ముందే చెప్పలేదేం?"

"మొద్దు మాట ఎవరు వింటారు ప్రభూ?"

రాజుకు సిగ్గేసింది. అది రాజులకు అంత తరచుగా వేసేది కాదు.

ఆ పూట ఆయుధపూజలో సూరక్క ఉలి పసుపూ కుంకుమలతో అందరి పనిముట్ల మధ్యా కూర్చుంది. కోటగోడ మీది ఆజ్ఞను చిత్రిక పట్టించేశారు. ఈసారి దాని చోట మళ్లీ ఏం రాయాలని ఎవరూ అడగలేదు.

పుండరీకయ్య తల దించుకుని సూరక్క దగ్గరకు వచ్చాడు. "అమ్మా, నువ్వు ఏది ఏదో చెబితే, నేను రాసిపెడతాను. మన తరవాతి వాళ్లకు కావాలి కదా."

"కావాలండీ, తప్పకుండా కావాలి" అంది సూరక్క సంతోషంగా. "నా తల నాతోనే పోతుంది. మీ రాత ఉంటుంది." ఆమె చెప్పింది, ఆయన రాశాడు. గ్రంథంలో 'అలిగిన అత్తగారు' అని రాసేటప్పుడు మాత్రం ఇదే రాయమంటావా అని ఆయన రెండుసార్లు అడిగాడు.

సూరక్కకు తరవాతైనా అక్షరాలు వచ్చాయా అంటారా? కథ బాగుంటుందని అబద్ధం చెప్పలేను. కొయ్యలో చెక్కి, వేలితో తడిమి కొన్ని నేర్చుకుంది. మిగిలినవి తిరుగుతూనే ఉన్నాయి. ఆమె వాటిని తిరగనిచ్చింది.

ఆ దశమి నాడే, పూజ అయ్యాక రాజు సభనంతా చూసి అడిగాడు. "ఇలా భయపడి దాచుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

వెనక వరసలో రాజుగారి వంటపెద్ద చెయ్యెత్తాడు. "ప్రభూ, ఇరవై ఏళ్లుగా పాకశాస్త్ర గ్రంథాన్ని ముందు పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తున్నాను."

"మరి ఆ పులిహోర?"

"వాసన చూసి చేస్తాను ప్రభూ."

"ఇకమీదట ఆ గ్రంథానికి సెలవు" అన్నాడు రాజు. సభ గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా వంటపెద్దే నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

అక్షరం నిలవని కంటిని చూసి తెలివి లేదనుకోకండి పిల్లలూ. అందరిలా చూడని కన్ను, అందరికీ కనబడనిదాన్ని చూస్తుంది.