గూట్లో పెట్టనన్న కోడలు

సాయంత్రం ఏడైంది. వాన సన్నగా పడుతోంది, గాలి లేదు.

ముగ్గురూ ఈ చాప మీదకి రండి. ఇవాళ కథ అమ్మమ్మ చెప్పదు, అమ్మే చెప్తుంది. బండివాడు పాత షర్బత్ సీసాలో పోసిచ్చిన బట్టలుతికే లిక్విడ్‌ని వంటింటి గూట్లో పెట్టింది తనేనని, చిన్నది అదే నోట్లో పోసుకుందని, అమ్మమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం కూడా తినలేదు. ఎవరూ ఏమీ అనకండి. ఆసుపత్రికి వెళ్ళాం, వచ్చాం. గొంతు కొంచెం ఒరుసుకుంది, రెండ్రోజుల్లో తగ్గుతుందన్నారు డాక్టరుగారు. లౌక్యా, నువ్వు మాట్లాడకు. నీ వంతు ఊ కూడా అక్క కొడుతుంది.

అమ్మమ్మలా చెప్పడం నాకు రాదు. వచ్చినంత చెప్తాను.

అనగనగా, బట్టలు మాయడం మొదలైననాటి నుంచీ ఉన్న ఊరొకటి. ఆ ఊళ్ళో ఒక అత్త, ఒక కోడలు. అత్త సూరమ్మ. కోడలు పైడితల్లి. పైడితల్లికి పాకే పిల్ల. మామ ఉన్నాడు, మొగుడు ఉన్నాడు. వాళ్ళు అవుననరు, కాదనరు, పెట్టింది తింటారు. అటక మీద ఒక దయ్యం కూడా ఉంది. భయపడకండి, మజ్జిగ దయ్యం. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళకి దిగి, ఏ చెంబులో మజ్జిగుంటే ఆ చెంబు ఖాళీ చేసి పోతుంది. సూరమ్మకి తెలుసు. ఎవరి ముత్తవ్వో పాపం అని ఒక గరిటెడు పాలు ఎక్కువే తోడుపెట్టేది.

ఆ సూరమ్మకి పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాడీ ఒకటుంది. జాడీ ఖాళీగా ఉండకూడదు ఆవిడకి. ఆవకాయ అయిపోతే బెల్లం. బెల్లం అయిపోతే చింతపండు. చింతపండు అయిపోతే అటుకులు. అటుకులు అయిపోతే మళ్ళీ ఆవకాయ.

ఊ కొడుతున్నారా? హేమంత్, నిద్రొస్తే పడుకో. దొంగ ఊ కొట్టకు.

అప్పట్లో బట్టలకి చవుడు మట్టి, పట్టుచీరలకి కుంకుడు రసం. చవుడు మట్టి వాసనే వేస్తుంది, కుంకుడు కుంకుడు వాసనే వేస్తుంది. వాటిని చూసి ఎవరికీ నోరూరదు. ఇంతలో ఒక వర్తకుడు బండి తోలుకొచ్చాడు. బండినిండా గులాబీ రంగు నీళ్ళు. గులాబీ వాసన. చవుడుతో చేతులు పగలగొట్టుకుంటారెందుకమ్మా, ఇవి ఉతుకునీళ్ళు, రాజుగారి పంచెలు వీటితోనే మెరుస్తున్నాయి అన్నాడు. ఊరంతా మూగింది. ఒక వెర్రిబాగులవాడు తియ్యగా ఉందేమోనని వేలు ముంచి నాకాడు. థూ అని ఉమ్మాడు. అందరూ నవ్వారు.

పైడితల్లి నవ్వలేదు. ఉతికేదానికి తాగేదాని వాసన ఎందుకయ్యా అని అడిగింది.

"ఆడవాళ్ళకి ఇష్టం కదమ్మా."

"ఆడవాళ్ళకి మరక పోతే ఇష్టం," అంది పైడితల్లి.

అయినా సూరమ్మ కొంది. మరి ఎందులో పోయాలి? ఆవకాయ అయిపోయింది, బెల్లం అయిపోయింది, చింతపండు అయిపోయింది, అటుకులూ అయిపోయాయి. పోసింది జాడీలో. పెట్టింది గూట్లో, ఒక పక్క నూనె, ఒక పక్క మజ్జిగ.

ఇది వంటింట్లో వద్దత్తా, దొడ్లో పెడదాం అంది కోడలు. దొడ్లో ఎలకలు, దొడ్లో వాన, నా చేతికింద ఉండాలి అంది అత్త. నా జాడీ, నా గూడు, నిన్నెవరడిగారు అంది. మామ దగ్గాడు. మొగుడు గోక్కున్నాడు.

మధ్యాహ్నమైంది. దయ్యం దిగింది. గూట్లోంచి గుబాళింపు. ఓహో, ఇవాళ మజ్జిగ కాదు, నాకోసం పానకం చేశారనుకుంది. జాడీని కిందికి దించి గటగటా సగం తాగేసింది.

వెక్కిళ్ళు పట్టుకున్నాయి. ఒక వెక్కు, ఒక బుడగ. ఒక వెక్కు, ఒక బుడగ. ఒకటి అటక ఎక్కింది, ఒకటి మామ ముక్కు మీద కూచుంది, ఒకటి మొగుడి నోట్లో దూరింది, ఒకటి సూరమ్మ కొప్పులో చిక్కుకుంది. చచ్చినదానికి మళ్ళీ చావు లేదు కాబట్టి దయ్యం బతికిపోయింది. ఇల్లంతా లేచి నవ్వుతోంది.

ఆ బుడగల వెంట పిల్ల పాకింది. పాకి పాకి, నేల మీదున్న జాడీ దగ్గరికి చేరింది. చెయ్యి ముంచింది. ఆ చెయ్యి నోటి దాకా వెళ్ళింది.

పైడితల్లి అందుకుంది. సమయానికే అందుకుంది. చెయ్యి కడిగి, మూతి తుడిచి, పిల్లని భుజానేసుకుని అక్కడే కూలబడింది. అలా ఎంతసేపు కూచుందో మీకు తెలియక్కర్లేదు.

తరవాత లేచింది. జాడీ ఎత్తింది. దొడ్లో బండకేసి కొట్టింది.

పుట్టింటి జాడీ అని సూరమ్మ ఏడ్చింది. ఏడుస్తూ రాజుగారి దగ్గరికి పోయింది. ఆవిడ కంటే ముందే వర్తకుడు అక్కడున్నాడు, ఈ కోడలి మూలాన నా సరుకు ఎవరూ కొనట్లేదని. రాజు ఇద్దరి మాటా విని తీర్పు చెప్పాడు. కోడలు కొత్త జాడీ తేవాలి, నిండా గులాబీ నీళ్ళు పోయాలి, అదే గూట్లో పెట్టి అత్త కాళ్ళకి దణ్ణం పెట్టాలి. లేదంటే పిల్లని ఆ ఇంట్లోనే వదిలి, తానొక్కతే ఊరు విడిచిపోవాలి. రేపటి దాకా గడువు.

పెట్టెయ్యమ్మా, జాడీయే కదా అన్నాడు మామ.

పెట్టనంది.

పెట్టెయ్యరాదూ, నాలుగు రోజులు పోతే అమ్మే మర్చిపోతుంది అన్నాడు మొగుడు.

పెట్టనంది.

పెట్టెయ్యవే, పిల్లకంటే పంతం ఎక్కువా అంది పక్కింటావిడ.

పిల్లకంటే ఎక్కువ కాదు కాబట్టే పెట్టనంది.

ఊ కొట్టండి. సుప్రజా, రెండు కొట్టు.

మర్నాడు సభ నిండింది. పైడితల్లి పిల్లని చంకనేసుకుని, రెండు వెండి గ్లాసులు తీసుకుని వచ్చింది. వెనకాలే దయ్యం. నేను సాక్షినంది దయ్యం. బతికున్నవాళ్ళ సాక్ష్యమే చెల్లుతుందన్నాడు మంత్రి. దయ్యం అలిగి ఒక బుడగ వదిలింది.

మహారాజా, ఒక గ్లాసులో గులాబీ షర్బత్, ఒక దాంట్లో మీ పంచెలుతికే నీళ్ళు, దాహంగా ఉంటే మీరే చూసి తీసుకోండి అంది పైడితల్లి. ఇదేం గొప్ప అన్నాడు రాజు. ఇటు చూశాడు, గులాబీ రంగు. అటు చూశాడు, గులాబీ రంగు. ఇటు వాసన చూశాడు, గులాబీ. అటు చూశాడు, గులాబీ. సభంతా చూస్తోంది, తెలీదనడానికి నోరు రాలేదు. ఒకటి తీశాడు. పెదవుల దాకా ఎత్తాడు.

పైడితల్లి వెళ్ళి రాజు చెయ్యి పట్టుకుంది.

రాజుని ముట్టుకుంటే తల తీసే రోజులవి. కత్తులు లేచాయి. ఆవిడ చెయ్యి వదల్లేదు.

"మీ చెయ్యి పట్టుకోడానికి నేనున్నాను మహారాజా. మా ఇంట్లో పాకే పిల్ల గూట్లో చెయ్యి పెట్టే క్షణానికి ఎవరుంటారు? మీరుంటారా? ఈ మంత్రిగారుంటారా?"

రాజు గ్లాసు కింద పెట్టాడు. కత్తులు దించమన్నాడు. వర్తకుణ్ణి పిలిచి, నీ సరుకే కదా, నువ్వు తాగు అన్నాడు. వర్తకుడు బండి వదిలేసి పరిగెత్తాడు, ఎద్దులు సిగ్గుపడి వెనక నడిచాయట. ఇక మీదట నా రాజ్యంలో ఉతికేది ఉతికేదానిలాగే ఉండాలి, తాగేదాని రంగు దానికొద్దు, తినేదాని వాసన దానికొద్దు అని రాజు చాటించాడు.

అప్పటిదాకా సూరమ్మ స్తంభం పక్కన నిలబడే ఉంది. వచ్చి పిల్లని కోడలి చంకలోంచి తీసుకుంది.

"జాడీ పోతే పోయిందిలేవే. ఇంటికి పద. ఎక్కడ పెట్టాలో చూపించు, నేనే పెడతాను."

దొడ్లో, చూరు కింద, వాన తగలని చోట ఒక చెక్క పలక కొట్టించారు. సూరమ్మ చెయ్యెత్తితే అందేంత ఎత్తు, పిల్ల పీట మీద పీట వేసుకున్నా అందనంత ఎత్తు. మళ్ళీ చవుడే తెచ్చుకున్నారు. చవుడు మాత్రం తక్కువదా, కంట్లో పడితే మండుతుంది. అందుకని దాన్నీ పైనే పెట్టారు. ముసురుకి గడ్డకట్టకుండా బిగుతు మూత, లోపల ఒక చెక్క గరిటె. ఆ గరిటె వంటింట్లోకి రాదు, వంటింటి గరిటె అక్కడికి పోదు. దయ్యం కూడా బాగుపడింది. ఏది తాగబోయినా, తాగేదేనా అని ఒకసారి పైనుంచి అడిగి మరీ దిగేది. అందరూ సుఖంగా ఉన్నారు.

ఇందులో నీతి ఏముంది. తినే డబ్బా ఖాళీ అయితే ఖాళీగానే ఉండనివ్వండి. బండివాడు రేపు మళ్ళీ వస్తాడు. గుమ్మంలో నేనుంటాను. చవగ్గా వస్తోంది కదా అని నాన్నన్నా, పక్కింటివాళ్ళందరూ కొంటున్నారన్నా, సీసా ఈ గడప దాటదు. ఉతికేది ఏ డబ్బాలో కొన్నామో ఆ డబ్బాలోనే ఉంటుంది, వాషింగ్ మిషన్ మీది అలమరలో, గడియ వేసి. నన్ను పంతగొండి అంటే అనండి.

కథ కంచి దారి పట్టింది. ఇంటికి ఎవరెవరం చేరామో చూసుకోనివ్వండి. హేమంత్ వచ్చాడు. సుప్రజ వచ్చింది. ఆఫీసు నుంచి ఆసుపత్రికి, అక్కణ్ణుంచి ఇంటికి తడుస్తూ నాన్న వచ్చారు. ఆటోలో ఒక చెప్పు వదిలేసి అమ్మమ్మ వచ్చింది. నేను వచ్చాను.

లౌక్య వచ్చింది.