వాలు తప్పిన గొట్టం

అచ్యుతానందులవారు ఏది అడిగినా వెంటనే బదులు చెప్పరు. చేతిలో ఉన్న పని ముగించి, చేతులు కడుక్కుని, అప్పుడు మాట్లాడతారు. ఆ ఉదయం ఆయన ఆశ్రమం వంటింటి అరుగు మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. పట్నంలో బడి నడిపే నీలవేణి అనే శిష్యురాలు వచ్చి ఎదురుగా కూర్చుంది.

“స్వామీ, మనకు కావలసినవాళ్ళు పొరపాటు చేస్తున్నారని తెలుస్తూనే ఉంటుంది. చెబితే నొచ్చుకుంటారు. చెప్పకుండా ఊరుకోవడం కూడా ప్రేమే కదా?”

అది శాస్త్రచర్చ కోసం వేసిన ప్రశ్న కాదని ఆ గొంతును బట్టి పక్కనున్న ఆశ్రమంవాళ్ళం మాకు కూడా తెలిసింది. ఎవరి సంగతి అని ఆయన అడగలేదు. ఆకంతా ఒలిచి, చేతులు కడుక్కుని వచ్చి, తనకు తెలిసిన ఒక ఇంట్లో జరిగినది చెప్పారు.

పోలినాయుడు, తవిటినాయుడు అన్నదమ్ములు. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి అన్నే పెంచాడు. ఆ తమ్ముడు అన్న కుదిర్చిన సంబంధం కాదని ఎర్నమ్మను మనసుపడి చేసుకున్నాడని అన్నకు కోపం వచ్చింది. చాలాకాలం ఇద్దరికీ మాటల్లేవు. చివరికి అన్న భార్య గౌరమ్మే పూనుకుని ఇద్దరినీ కలిపింది. రెండు వాటాలుగా ఒకే ఇల్లు కట్టుకుందామని, మధ్యలో ఇద్దరికీ ఒకటే స్నానాలగది పెట్టుకుందామని ఆవిడే అంది.

పోలినాయుడు ఒకప్పుడు మేస్త్రీల దగ్గర పనిచేశాడు. స్నానాలగదిలోంచి నీళ్ళు బయటికి పోయే గొట్టం తన చేత్తోనే వేస్తానని పట్టుబట్టాడు. తమ్ముడి కాపురానికి తన చేతి పని ఒకటి ఉండాలని అతని ముచ్చట. కాలవ తవ్వి, గొట్టం పరిచి, అతుకులు వేసి, మర్నాడు కాంక్రీటు పోయడానికి మనుషుల్ని పిలిచాడు. పొద్దున్నే వాళ్ళు వచ్చేలోగా తవిటినాయుడు ఎందుకైనా మంచిదని గొట్టంలో ఒక బిందెడు నీళ్ళు పోశాడు. అవతలి చివర చుక్క రాలేదు. బయటికి ఉండాల్సిన వాలు లోపలికి ఉంది. పోసిన నీళ్ళు పోసినచోటే నిలిచిపోయాయి.

అంతలో అన్న వచ్చాడు. “ఏట్రా, అలా సూస్తన్నావు? బాగులేదా?” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! ఇప్పుడు తప్పు పట్టానంటే మళ్ళీ మొదటికొస్తుందని తమ్ముడికి భయం వేసింది.

“బాగుందన్నా,” అన్నాడు.

కాంక్రీటు పోశారు. ఆ మధ్యాహ్నం రెండు కుటుంబాలూ కలిసి భోంచేశాయి. కొన్నాళ్ళకు పైన టైల్సు కూడా పరిచి ఇంట్లో దిగారు.

నీళ్ళు పోలేదు. ఎవరు స్నానం చేసినా మడమల దాకా నిలిచేవి. వాసన వాటాలు రెండింటిలోకీ వచ్చేది. ఎర్నమ్మకు బారెడు జుత్తు. అదే అడ్డం పడుతోందని పోలినాయుడు అనడం మొదలుపెట్టాడు. ఆమె తల దువ్వుకుని వెంట్రుకలు ఏరి పెరట్లో పారేసేది, అయినా మాట పడేది. తవిటినాయుడు ఎవరూ లేవకముందే లేచి, చీపురుతో ఆ నీళ్ళన్నీ గడప దాటించి, పొడిగుడ్డతో నేల తుడిచేవాడు. అలా తుడుస్తున్నంతకాలం నిజం చెప్పాల్సిన అవసరం రాదనుకున్నాడు.

ఒకసారి జ్వరం వచ్చి లేవలేకపోయాడు. ఆ పొద్దున గౌరమ్మ లోపలికి వెళ్ళి జారిపడింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రి వరండాలో పోలినాయుడు కోపం పట్టలేక మరదలి మీదికి వెళ్ళాడు. “నీ జుత్తే నా ఇంటిదాన్ని మంచాన పడేసింది!”

తవిటినాయుడు గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. “దాని తప్పేటీ లేదన్నా. గొట్టం వాలే తప్పింది. కాంక్రీటు పోసిన రోజే సూసినాను.”

“సూసి?”

“నువ్వు బాధపడతావని సెప్పలేదు.”

అన్న మరదల్ని వదిలి అతని వైపు తిరిగాడు. “అంటే, ఒక్క మాట పడలేనోడిననుకున్నావు నన్ను. దానికి మీ వదిన కాలు పోయినా సరే.”

ఎర్నమ్మ బావగారిని ఏమీ అనలేదు. మొగుడి వైపు తిరిగి, “ఇన్నాళ్ళూ నన్నంటూ ఉంటే పక్కనే కూకుని ఇన్నావు,” అంది.

జ్వరం తగ్గాక తవిటినాయుడు ఎవరినీ పిలవలేదు. తానే టైల్సు పగలగొట్టి, కాంక్రీటు తవ్వి, గొట్టం తీసి సరైన వాలులో వేశాడు. అన్న చూడ్డానికి రాలేదు. ఇప్పుడు నీళ్ళు క్షణం నిలవకుండా పోతున్నాయి. గౌరమ్మ మాత్రం ఆ గదిలో మళ్ళీ అడుగుపెట్టలేదు. ఆవిడకి స్నానం మంచం దగ్గరే.

స్వామివారు ఆపారు. నీలవేణి నెమ్మదిగా అడిగింది.

“ఇప్పుడా అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారా స్వామీ?”

“మాట్లాడుకుంటారమ్మా,” అన్నారాయన. “ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా, ఎంతో మర్యాదగా.”