లంకలో దిగనన్న హనుమంతుడు

నీలవేణికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సాయంత్రం అది చేతుల్లోకి దిగింది. మణికట్టుకున్న పట్టీ ఊడబీకి గురువుగారి ముందు విసిరేసింది.

ఆమెకు చిన్నప్పటి నుంచీ మూర్ఛ. చెవి వెనకొకటి, గుండె మీదొకటి డాక్టర్లు బిళ్లలు అంటించారు. మెదడు అలల్నీ గుండె లయనీ అవి కనిపెట్టి చూస్తుంటాయి. తేడా కనిపిస్తే, మూర్ఛ రాబోతోందని పట్టీ వణుకుతుంది. ఒక్కోసారి ఉత్తపుణ్యానికే వణుకుతుంది. ఏదైనా సరే, వణికితే కూర్చోవాలి.

ఆ వేళ పందిట్లో ఆమె మొదటి హరికథ, సుందరకాండ.

"కథ మధ్యలో కూలబడే దాసు ఎక్కడైనా ఉంటాడా గురువుగారూ? పడితే పడతాను. ముందే భయపడి మాత్రం కూర్చోను."

గురువు పరాంకుశదాసుగారు కథలో తప్ప ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పట్టీని ఏరి తెచ్చి, పూజ పళ్లెంలో గజ్జెలూ చిడతల పక్కన పెట్టారు. మూడింటికీ కుంకుమ అద్దారు. గజ్జెలు ఆమె చేతికిచ్చి, పట్టీ తనే కట్టారు.

"కథ మధ్యలో నాకు ఊపిరి అందకపోతే ఏం చేస్తాను?" అని అడిగారు.

"జనం చేత గోవింద కొట్టిస్తారు."

"ఊఁ," అని లేచారు.

పందిరి నిండింది. హనుమంతుడు కొండ మీంచి ఎగిరాడు. గజ్జెలు ఘల్లుమంటుంటే పిల్లలు నోళ్లు తెరుచుకు చూస్తున్నారు. అప్పుడు వణికింది పట్టీ.

నీలవేణికి ఏడుపొచ్చింది. మొండిగా ఒక అడుగు వేసింది. రెండోది వెయ్యబోయి ఆగి, గొంతెత్తింది.

"శ్రీమద్రమారమణ గోవిందో..."

"హరి!" అంది పందిరంతా.

ఆమె కూర్చుంది. చూపు నిలిచిపోయింది. చిడతలు చేతిలోంచి జారాయి.

కమిటీ పెద్ద కంగారుగా మైకు కట్టెయ్యమన్నాడు. "ఉండనీ," అంటూ దాసుగారు వేదికెక్కారు. ఆమెను పక్కకి ఒత్తిగిలించి, తల కింద కండువా మడిచి పెట్టారు. అక్కడే చతికిలబడి, జనం వైపు తిరిగి మళ్లీ గోవింద కొట్టించారు. ఆగకుండా కొట్టిస్తూనే ఉన్నారు.

కాసేపటికి నీలవేణి తేరుకుంది. జనం కనిపించారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కానీ ఒక్కరూ లేచి వెళ్లలేదు.

"ఎందాకా వచ్చాను గురువుగారూ?"

"హనుమంతుడు సముద్రం మీదున్నాడమ్మా. నువ్వు లేస్తే గానీ లంకలో దిగనని భీష్మించుకున్నాడు."

నీలవేణి చిడతల కోసం చెయ్యి చాచింది.