చప్పట్లకు వచ్చిన పన్నెండు మంది

పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో మేనేజరుగా ఉన్న వైకుంఠరావుకు పని జరగడం కన్నా ఆ పని నలుగురికీ కనపడటమంటేనే మహా మోజుగా ఉండేది. కొత్త తూకం మిషను వచ్చినా రిబ్బను కట్టేవాడు. చివరికి మంటలార్పే ఎర్ర డబ్బాకు కూడా పూలదండ వేసి ఫోటో తీయించాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది, డబ్బా ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు!

ఫ్యాక్టరీకి పాతికేళ్లు నిండాయి. ఆ ఏడు బేరాలు బాగా తగ్గాయి. హైదరాబాదులో పెద్ద మిఠాయి దుకాణాలున్న సుగుణావతి గారు దసరా ఆర్డరు ఇస్తేనే ఫ్యాక్టరీ నడుస్తుంది. ఇవ్వకపోతే నాలుగు నెలలు తాళం పడుతుంది, గింజలు కొట్టే రెండు వందల మంది ఆడవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగదు. అందుకే యజమాని ఆమెను పాతికేళ్ల సభకు పిలిచి, ఏర్పాట్లన్నీ వైకుంఠరావుకు అప్పగించాడు.

వైకుంఠరావు విశాఖపట్నం నుంచి ఈవెంట్ కంపెనీని రప్పించాడు. స్వాగత తోరణం లేచింది, స్టేజీ లేచింది, పైన డ్రోన్ లేచింది. ఫ్యాక్టరీ మొదలైన రోజు నుంచీ గింజలు కొడుతున్న దాలమ్మ ఇదంతా చూసి ముచ్చటపడి అడిగింది.

"బాబూ, మమ్మల్ని ఎక్కడ కూకోమంతారు?"

"మీకా? మీకు ఆ రోజు సెలవు. ఇంట్లో హాయిగా పడుకోండి" అన్నాడు వైకుంఠరావు.

"ఫేక్టరీ పుట్టినరోజుకి మాకు సెలవేటి బాబూ?"

వైకుంఠరావు ఆమె చేతుల వైపు చూశాడు. జీడి రసం తగిలి తగిలి ఆ వేళ్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. "ఫోటోలు తీస్తారు కదా దాలమ్మా, చేతులు అంత బాగుండవు" అనేశాడు. దాలమ్మ చేతులు కొంగులో దాచుకుని వెళ్లిపోయింది. ఆ మాట అన్నవాడికి సిగ్గు వేయలేదు గానీ, చెబుతున్న నాకు వేస్తోంది.

వాళ్ల స్థానంలో ఈవెంట్ కంపెనీ పన్నెండు మంది అమ్మాయిల్ని తెచ్చింది. తెల్ల టోపీలు, తెల్ల గ్లవ్స్, ఒకే రంగు చీరలు. ఒక్కొక్కరి ముందు వేయించిన గింజల పళ్లెం, చిన్న చెక్క సుత్తి. పెళ్లికూతురిని ఇంట్లో ఉంచి పెళ్లి చేసినట్టుంది వ్యవహారం.

సభ మొదలైంది. సుగుణావతి గారికి మొదటి శాలువా కప్పారు, రెండోది కప్పారు. ఉపన్యాసాలు సాగుతున్నాయి. ఆమె కళ్లు మాత్రం ఆ సుత్తుల మీదే ఉన్నాయి. మూడో ఉపన్యాసం మధ్యలో లేచి, స్టేజీ దిగి, నేరుగా అమ్మాయిల దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఊహ తెలిసినప్పటి నుంచీ జీడిపప్పు తింటున్నాను. ఇంత గట్టి డొప్పలోంచి పప్పు విరక్కుండా ఎలా వస్తుందో ఎప్పుడూ చూడలేదు. ఒక్కటి కొట్టి చూపిస్తావా?"

ఆ అమ్మాయి వైకుంఠరావు వైపు చూసింది. వైకుంఠరావు ఆకాశంలో డ్రోన్ వైపు చూశాడు. చేసేది లేక ఆమె సుత్తి ఎత్తి కొట్టింది. గింజ నుజ్జయింది. రెండోదీ అంతే.

"కంగారు పడుతోంది మేడమ్" అంటూ వైకుంఠరావు తానే సుత్తి అందుకున్నాడు. ఆయన కొట్టిన గింజ ఎగిరి యజమాని ఒళ్లో పడింది.

"ఇక్కడ ఎన్నేళ్లుగా పని చేస్తున్నావమ్మా?" అని సుగుణావతి గారు నెమ్మదిగా అడిగింది.

"నేను పొద్దున్నే వైజాగ్ నుంచి వచ్చానండీ. చప్పట్లు కొట్టమన్నారు" అంది ఆ పిల్ల, అబద్ధం నోటికి రాక.

సుగుణావతి గారి ముఖం మారిపోయింది. "పనివాళ్లనే మార్చి చూపించినవారు రేపు పప్పు మార్చి పంపరని నేనెలా నమ్మను?" అని శాలువాలు కుర్చీ మీద పెట్టి కారు వైపు నడిచింది. యజమాని బతిమాలుతూ ఆమె వెనకే వెళ్లాడు.

గేటు అవతల దాలమ్మా, మరో పాతిక మంది ఆడవాళ్లూ నిలబడి ఉన్నారు. లోపల ఏం జరుగుతుందో చూడాలని వాళ్లకూ ఉంటుంది కదా! వైకుంఠరావు పరుగెత్తాడు.

"దాలమ్మా, ఒక్కసారి లోపలికి రావాలి."

"ఇయ్యాల మాకు సెలవు కదా బాబూ?"

"తప్పు నాదే. నీ చేతుల్ని అనరాని మాట అన్నాను. క్షమించు" అన్నాడు వైకుంఠరావు. ఆ మాట ఆయన మైకులో కాకుండా అనడం అదే మొదటిసారి.

దాలమ్మ లోపలికి వచ్చి నేల మీద చతికిలబడింది. పిడికెడు బూడిద తెప్పించి అరచేతులకు రుద్దుకుంది. సుగుణావతి గారు కారు తలుపు పట్టుకుని ఆగిపోయింది.

"బూడిద ఎందుకు?"

"జీడి కాలుస్తాదమ్మా. ఇది సగం ఆపుతాది."

"ఎక్కడ కొట్టాలి?"

"గింజకి నడుం ఉంటాది. అక్కడ ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ పడిందా, పప్పు మనది కాదు."

టక్‌మని చప్పుడైంది. డొప్ప రెండుగా విడిపోయి, నిండు పప్పు అరచేతిలో పడింది. ఇరవై గింజలు కొట్టింది, ఒక్కటీ విరగలేదు. వైజాగ్ అమ్మాయిలు ఎవరూ చెప్పకుండానే చప్పట్లు కొట్టారు. సుగుణావతి గారు చీర కుచ్చిళ్లు సర్దుకుని పక్కనే కూర్చుంది, ప్రశ్న మీద ప్రశ్న అడుగుతూ తానూ సుత్తి పట్టింది. నాలుగో గింజకు నిండు పప్పు వస్తే చిన్నపిల్లలా నవ్వింది.

మర్నాడు అందరూ పనిలో ఉండగా మళ్లీ వచ్చి, సగం రోజు చూసి, దసరా ఆర్డరు రాసి ఇచ్చింది. "ఇది మీ తోరణానికి కాదు, ఈ చేతులకు" అని వైకుంఠరావుతో చెప్పి మరీ వెళ్లింది.

మరుసటి ఏడు సభలో ముందు వరుస కుర్చీలన్నీ పనివాళ్లవే. వైకుంఠరావు రిబ్బను, కత్తెర తెచ్చి దాలమ్మ చేతికి ఇవ్వబోయాడు.

"రిబ్బను కొయ్యడం నాకు రాదు బాబూ, గింజయితే కొడతాను" అంది దాలమ్మ. సరేనని మైకు ఆమె దగ్గర పెట్టారు. టక్‌మన్న ఆ ఒక్క దెబ్బతో సభ మొదలైంది.

పిల్లలూ, ఎవరి కష్టం వల్ల పండగ వచ్చిందో వాళ్లను గేటు బయట నిలబెట్టి చేసే సంబరం ఎంత ఘనంగా ఉన్నా పప్పు లేని డొప్పే. పదిమందినీ పిలిచే ముందు, పని చేసినవాళ్లను పిలవాలి.